పాప పేరు కార్డులో ఉందా?

మా అంగన్‌వాడీ కేంద్రానికి కొత్తగా పిల్లను ఎత్తుకొచ్చిన ఏ తల్లినైనా నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. రేషన్ కార్డులో పాప పేరు ఎక్కిందా? బియ్యం కోసం అడుగుతున్నానని అనుకుంటారు. మనిషికి ఆరు కిలోల బియ్యం కూడా అవసరమే. కానీ నేను అడిగేది పాప ఆరోగ్యం గురించి. తెలంగాణలో పేదింటి పిల్లకు జబ్బు చేస్తే ప్రభుత్వం ఇచ్చే అతి పెద్ద భరోసా ఆరోగ్యశ్రీ, అంటే కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా ఉచిత వైద్యం. అది ఆ కార్డు మీదే నిలబడి ఉంది. కార్డులో పిల్ల పేరు లేదని తెలిసేది మాత్రం చాలామందికి ఆసుపత్రి కౌంటర్ దగ్గరే.

నేను పనిచేసేది పాతబస్తీలో, ఉప్పుగూడకూ ఛత్రినాకకూ మధ్య ఉన్న ఒక గల్లీలో. అద్దె గది, గోడకు అక్షరమాల చార్టు, మూలన బరువు చూసే మిషను. మా దగ్గరికొచ్చే తల్లుల్లో సగంమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, సగంమంది ఉర్దూ. తండ్రులు ఆటో నడుపుతారు, సెంట్రింగ్ పనికి పోతారు, రంగులేస్తారు, మగ్గం వర్క్ చేస్తారు. లాడ్‌బజార్ దుకాణాల కోసం ఇళ్లలోనే లక్క గాజులు చేసే కుటుంబాలూ ఉన్నాయి. కొందరికి నేను టీచరమ్మను, కొందరికి టీచర్ ఆపాను.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఒక పాప. మా దగ్గర పేరు నమోదయ్యేసరికి దానికి ఎనిమిది నెలలు. నెలనెలా బరువు చూసి చార్టులో చుక్క పెడతాం. ఆ చుక్కల్ని కలిపే గీత పైకి పోవాలి, ఆ పాపది అడ్డంగా పోతోంది. తల్లిని కూచోబెట్టి అడిగాను.

"పాలు తాగుడు మొదలువెట్టంగనే నుదురంత చెమట పడ్తది టీచరమ్మా. రెండు గుక్కలు తాగుతది, ఆయాసమొస్తది, వదిలేస్తది."

"దగ్గు, జలుబు ఎక్కువొస్తున్నయా?"

"నెలకోపారి దవాఖానకు పోతున్నం. దిష్టి తగిలిందని మా అత్తమ్మ దర్గకాడ తాయెత్తు గూడ కట్టిచ్చింది."

పాలు తాగేటప్పుడు నుదురు చెమర్చడం, ఆయాసం, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ నిమ్ము చేయడం. ఈ నాలుగూ ఒకే పిల్లలో కనిపిస్తే గుండెను అనుమానించాలని మాకు శిక్షణలో చెప్పారు. ప్రతి తల్లికీ ఈ సంగతి తెలియాలి. చెమటను ఎండాకాలం ఖాతాలో, ఆయాసాన్ని జలుబు ఖాతాలో వేసి నెలలు గడిపేసిన ఇళ్లను నేను చూశాను.

ఆ నెలలోనే ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు మా సెంటర్‌కు వచ్చారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ఈ పథకాన్ని కేంద్రం 2013 ఫిబ్రవరిలో మొదలుపెట్టింది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల పిల్లల దాకా దీనికిందికి వస్తారు. ఇద్దరు డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉండే బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వచ్చి పిల్లల్ని తల నుంచి పాదం దాకా చూడాలన్నది పద్ధతి. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాల లోటు, చిన్ననాటి జబ్బులు, ఎదుగుదలలో వెనకబాటు, మొత్తం 30 రకాల సమస్యల కోసం వెతుకుతారు. కనిపెట్టడంతో పని అయిపోదు. ఆపరేషన్ అవసరమైతే అదీ ఉచితంగా చేయించాలని పథకంలోనే ఉంది. మా పాప ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టిన డాక్టరమ్మ చాలాసేపు తీయలేదు. గుండె చప్పుడుతోపాటు ఇంకో శబ్దం వస్తోందని చెప్పి, ఎకో పరీక్షకు రిఫరల్ చీటీ రాసిచ్చింది.

ఎకోలో గుండె కింది రెండు గదుల మధ్య గోడకు రంధ్రం ఉన్నట్టు తేలింది. ఎడమవైపు నుంచి ఒళ్లంతా పోవాల్సిన మంచి రక్తంలో కొంత ఆ రంధ్రం గుండా కుడివైపుకు, అక్కణ్నుంచి మళ్లీ ఊపిరితిత్తులకే పోతుంది. ఊపిరితిత్తులు రక్తంతో బరువెక్కుతాయి, అందుకే ఆయాసం, నిమ్ము. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే పూడిపోతాయి. పెద్దదాన్ని అలాగే వదిలేస్తే కొన్నేళ్లకు ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడిపోతాయి. ఆ దశ వచ్చాక రంధ్రం మూసినా లాభం ఉండదు. కాబట్టి సమయానికి చేయించాలి. మా పాపకు నెలల్లోనే చేయించాలన్నారు.

అప్పుడు బయటపడింది కార్డు సంగతి. పాప తండ్రి పేరు వాళ్ల నాన్న కార్డులో ఉంది. తల్లి పేరు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న పుట్టింటి కార్డులో ఉంది. పాప పేరు ఎక్కడా లేదు. ఇది ఆ ఒక్క ఇంటి సమస్య కాదు. పెళ్లయిన అమ్మాయి పేరు పుట్టింటి కార్డులోంచి తీసేస్తేగానీ అత్తింటి కార్డులో ఎక్కదు. తీయించడానికి ఊరికి పోవాలి, పనికి సెలవు పెట్టాలి. బియ్యం ఎలాగో వస్తున్నాయి కదా అని అందరూ ఊరుకుంటారు. తల్లి పేరే ఎక్కని కార్డులో పిల్ల పేరు గురించి ఎవరు ఆలోచిస్తారు? దీనికి తోడు మన రాష్ట్రంలో చాలా ఏళ్లపాటు కొత్త కార్డులు ఇవ్వడం, పేర్లు చేర్చడం సరిగ్గా సాగనే లేదు. 2025లో మళ్లీ పెద్ద ఎత్తున కార్డులు ఇచ్చి, ఉన్న కార్డుల్లో పేర్లు కలిపారు. ఆ మధ్య ఏళ్లలో పుట్టిన పిల్లలంతా బడికి పోయే వయసుకొచ్చినా కార్డుకు బయటే ఉండిపోయారు.

వాళ్లు మొదట వెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో, కార్డులో పాప పేరు లేదు కాబట్టి డిపాజిట్ కట్టాలన్నారు. తండ్రి రంగులేసే పనిచేస్తాడు, వానాకాలం నెలలో సగం రోజులు పనుండదు. పుస్తెలు కుదవబెడదామని తల్లి నా దగ్గరకొచ్చి ఏడ్చింది. వద్దని చెప్పి 104కు ఫోన్ చేశాం. ఆరోగ్యశ్రీ ఫిర్యాదులకూ సమాచారానికీ ఆ నంబరే. బర్త్ సర్టిఫికెట్, తండ్రి పేరున్న కార్డు, తల్లిదండ్రుల ఆధార్, పాపను ఎత్తుకుని తల్లి దిగిన ఫొటో పట్టుకుని ఇంకో ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కాగితాలు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరకు వెళ్లాం. ఆమె కాగితాలన్నీ స్కాన్ చేసి పంపింది, ఆరోగ్యశ్రీ ట్రస్టు ఒప్పుకుంది. పాపకు ఆపరేషన్ అయింది, ఇప్పుడు మా సెంటర్‌లో అందరికన్నా గట్టిగా అరిచేది అదే. చేతిలో బర్త్ సర్టిఫికెట్ లేకపోయుంటే ఆ పని కూడా జరిగేది కాదు.

ఆరోగ్యశ్రీ ఎలా నడుస్తుందో చాలామందికి సగం సగమే తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో దీన్ని మొదలుపెట్టారు. మరుసటి ఏడాదికల్లా రాష్ట్రమంతటా వచ్చింది. అంతకుముందు పెద్ద జబ్బు చేస్తే ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకుని ఎదురుచూడటమే గతి. పిల్లల గుండె ఆపరేషన్లు ప్రభుత్వ ఖర్చుతో చేయించే పథకం ఆరోగ్యశ్రీకన్నా ముందే వచ్చింది. ఆ రకంగా చూస్తే ఈ మొత్తం ఏర్పాటుకు దారి చూపింది చిన్నపిల్లల గుండె జబ్బులే. మొదట్లో కుటుంబానికి ఏడాదికి 2 లక్షలు. 2021లో తెలంగాణ కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్‌తో దీన్ని కలిపింది, తర్వాత పరిమితి 5 లక్షలైంది. 2023 డిసెంబరు 9న దాన్ని 10 లక్షలు చేశారు. 2024లో మరో 163 చికిత్సలు చేర్చడంతో జాబితా 1,835కు చేరింది.

డబ్బు మన చేతికి రాదు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఆరోగ్యమిత్ర అని ఒకరు కూచుంటారు. కార్డు వాళ్లకే చూపించాలి. డాక్టరు జబ్బును నిర్ధారించాక ఫలానా చికిత్సకు అనుమతి కావాలని ఆసుపత్రి ట్రస్టుకు పంపుతుంది. అనుమతి వచ్చాక చికిత్స మొదలవుతుంది. ప్రాణం మీదికి వచ్చిన కేసుల్లో ఫోన్ మీదే అనుమతి తీసుకునే వీలుంది. చేర్చుకున్నాక పరీక్షలు, ఆపరేషన్, మందులు, భోజనం అన్నీ ప్యాకేజీలోనివే. ఇంటికి పోయేటప్పుడు దారి ఖర్చు కూడా ఇవ్వాలి. "ఈ మందు బయట కొనుక్కురండి" అన్నా, "ఈ పరీక్షకు వేరే కట్టండి" అన్నా ముందు మిత్రను అడగండి, పని కాకపోతే 104కు చెప్పండి. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ప్రతి కాగితం నకలు తెచ్చుకోండి. కొన్ని జబ్బులకు డిశ్చార్జి తర్వాత కూడా పరీక్షలు, మందులు ఇస్తారు. ఆ సంగతి ఎవరూ వచ్చి చెప్పరు, మనమే అడగాలి.

పథకం కాగితం మీద ఎంత బాగున్నా ఆసుపత్రికి ప్రభుత్వం డబ్బు చెల్లించకపోతే ఆగిపోతుంది. బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025 జనవరిలో ఒకసారి, సెప్టెంబరులో మరోసారి ఆరోగ్యశ్రీ సేవలు నిలిపేశాయి. నెలకు 100 కోట్లు విడుదల చేస్తామని ప్రభుత్వం మాటిచ్చాక మళ్లీ మొదలుపెట్టాయి. ఆపరేషన్ తేదీ దగ్గరపడిన పిల్ల తల్లికి ఆ నాలుగు రోజులు ఎలా గడుస్తాయో చెక్కులు సంతకం చేసేవాళ్లు ఆలోచించాలి. ఇలాంటప్పుడు మనకు దిక్కు ప్రభుత్వ ఆసుపత్రులే. 1953 నుంచి పిల్లల్ని చూస్తున్న రెడ్‌హిల్స్ నీలోఫర్, దాని దగ్గర్లోనే పిల్లల క్యాన్సర్‌కు చికిత్స చేసే ఎంఎన్‌జే, గుండె ఆపరేషన్లకు నిమ్స్. నిమ్స్‌కు బ్రిటన్ నుంచి మన తెలుగు సర్జన్ డాక్టర్ రమణ దన్నపునేని బృందం ఇటీవలి ఏళ్లలో వరసగా వచ్చి, ఇక్కడి డాక్టర్లతో కలిసి పసిపిల్లల గుండె ఆపరేషన్లు ఉచితంగా చేసి వెళ్తోంది. ఇంకో మాట. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఏడాదిలోపు పిల్లలకు ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు, పరీక్షలు, రక్తం, రవాణా అన్నీ ఉచితం. దీనికి రేషన్ కార్డుతో పని లేదు.

10 లక్షలు అనగానే పిల్లకు 10 లక్షలు అనుకుంటారు. అది కుటుంబమంతటికీ కలిపి. మా గల్లీలో ఒక ఇంట్లో నాయనమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్, మనవడికి రక్త క్యాన్సర్. పిల్లల రక్త క్యాన్సర్ చికిత్స రెండేళ్లకు పైగా సాగుతుంది. మధ్యలో ఇన్ఫెక్షన్లు వస్తే ఐసీయూ. ఇద్దరి ఖర్చూ ఒకే ఖాతాలోంచి పోతుంది. పరిమితి 2 లక్షలు ఉన్నకాలంలో ఇలాంటి ఇళ్లలో ఎవరి చికిత్స ముందు అనే మాట నా చెవులతో విన్నాను. 10 లక్షలయ్యాక ఆ ఒత్తిడి చాలా తగ్గింది, అది మంచి పని. అయినా పిల్లలకంటూ వేరే వాటా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. అది కుదరదని అనడానికి లేదు. 2024 అక్టోబరులో కేంద్రం 70 ఏళ్లు నిండిన పెద్దలకు, కుటుంబం వాటాతో సంబంధం లేకుండా, విడిగా 5 లక్షల భరోసా ఇచ్చింది. తాతలకు ఇచ్చినట్టే మనవలకూ ఇవ్వవచ్చు. పిల్లల్లో పెద్ద జబ్బులు వచ్చేది తక్కువమందికి, కాబట్టి దానికయ్యే ఖర్చూ తక్కువే ఉంటుంది.

పిల్లల్ని విడిగా చూసే దేశాలు ఇప్పటికే ఉన్నాయి. వియత్నాంలో ఆరేళ్లలోపు పిల్లలందరికీ ప్రభుత్వమే ప్రీమియం కట్టి ఆరోగ్య బీమా కార్డు ఇస్తుంది. తల్లిదండ్రుల ఆదాయం అడగదు. అమెరికాలో పేదలకు మెడికెయిడ్ అనే పథకం ఉంది. దానికి అర్హత లేనంత ఆదాయం ఉన్నా ప్రైవేటు బీమా కొనలేని ఇళ్ల పిల్లల కోసమే 1997లో చిప్ అనే పథకం తెచ్చారు. అక్కడ నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. మెడికెయిడ్ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు వేరే దరఖాస్తు లేకుండానే మొదటి పుట్టినరోజు దాకా భరోసా దక్కుతుంది. బిడ్డ పుట్టింది, కాబట్టి బిడ్డ ఉంది. ఇంకే రుజువూ అడగరు.

పాతబస్తీలో చాలా ఇళ్లకు తెలియని ఇంకో దారి ఈఎస్ఐ. పత్తర్‌గట్టి దుకాణాల్లో, సూపర్ మార్కెట్లలో, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ కంపెనీల్లో పనిచేసేవాళ్ల జీతం 21,000 దాటకపోతే, పదిమందో అంతకన్నా ఎక్కువమందో పనిచేసే చోటైతే, యజమాని వాళ్లను ఈఎస్ఐలో చేర్చాలి. జీతంలోంచి పట్టుకునేది నూటికి ముప్పావలా మాత్రమే. యజమాని మూడుంపావు కడతాడు. ఇందులో గొప్ప సంగతి, జ్వరానికీ దగ్గుకూ చూపించుకునే రోజువారీ వైద్యం కూడా ఉచితం. పిల్లలకూ వర్తిస్తుంది. చదువుకుంటున్న కొడుకుకు 21 ఏళ్లు వచ్చేదాకా, కూతురికి పెళ్లయ్యేదాకా. జీతం చీటీలో ఈఎస్ఐ కోత కనిపిస్తోందా చూసుకోమని తండ్రులకు చెప్తాను. డబ్బు కోస్తున్నా పిల్లల పేర్లు అందులో చేర్చుకోని వాళ్లున్నారు. ఇక్కడా మళ్లీ అదే, పేరు ఎక్కించుకోవాలి.

ఆరోగ్యశ్రీలో లోటు ఎక్కడంటే, అది ఎక్కువగా ఆసుపత్రిలో పడక చుట్టూ అల్లుకున్న పథకం. మా పిల్లలకు వచ్చే జబ్బుల్లో ఎక్కువభాగం పడక దాకా పోవు. జ్వరం, విరేచనాలు, గజ్జి, చెవి కారడం. వీటికి ఇంటి పక్క క్లినిక్‌లో చీటీకి, మందులకు, సెలైన్‌కు పోసే డబ్బే నెల తిరిగేసరికి అప్పవుతుంది. 2018 నుంచి నగరంలో పెడుతూ వచ్చిన బస్తీ దవాఖానాలు ఇందుకే పనికొస్తాయి. డాక్టరు, మందులు ఉచితం, రక్త పరీక్షలకు అక్కడే నమూనా తీసుకుని పంపుతారు. సాయంత్రం పని నుంచి తండ్రి వచ్చేసరికి మూసేస్తారన్నది మా తల్లుల ఫిర్యాదు. రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచితే క్లినిక్‌లకు పోయే డబ్బులో సగం మిగులుతుందని నా నమ్మకం.

తలసీమియా ఉన్న పిల్లల సంగతి ఇంకా కష్టం. వాళ్ల ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాదు. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, బతికినన్నాళ్లూ. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేసే పని. ఆపరేషన్ చేసే జబ్బుకు కట్టిన లెక్క ఇలాంటి జబ్బుకు అతకదు. ఎక్కించిన రక్తంతోపాటు ఇనుము పేరుకుపోతుంది, దాన్ని బయటికి పంపడానికి రోజూ మందు వాడాలి. మా వైపు తల్లులు పిల్లల్ని శివరాంపల్లిలో ఉన్న తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీకి తీసుకుపోతారు. 1998లో పుట్టిన ఆ సంస్థ పేద పిల్లలకు ఉచితంగా రక్తం ఎక్కిస్తుంది. మూలుగ మార్పిడితో జబ్బు పూర్తిగా నయమయ్యే వీలుంది. అందుకోసం కోల్ ఇండియా డబ్బుతో కేంద్రం నడిపే తలసీమియా బాల సేవా యోజన 10 లక్షల దాకా ఇస్తుంది. అయితే దానికి సరిపోయే మూలుగ ఇచ్చే తోబుట్టువు ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం తలసీమియాను వైకల్యంగా గుర్తించింది. ఆ సర్టిఫికెట్ తీసుకోవచ్చని తెలియని తల్లులే ఎక్కువ. దగ్గరి చుట్టరికంలో, మేనరికంలో పెళ్లి చేసుకున్నవాళ్లు గర్భం రాగానే ఒక రక్త పరీక్షతో తమలో ఆ లక్షణం ఉందో లేదో తెలుసుకోవచ్చు. నేను గర్భిణులందరికీ, ఏ మతం వాళ్లకైనా, ఈ మాట మొదటి నెలల్లోనే చెప్తాను.

చెవుల సంగతి చెప్పకుండా ముగించలేను. పుట్టుకతో వినికిడి లేని పిల్లకు కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరాన్ని లోపలి చెవిలో అమరిస్తే వినగలదు. ఆరోగ్యశ్రీ పరిమితి 2 లక్షలుగా ఉన్న రోజుల్లోనే ఈ ఆపరేషన్ ఖర్చును ఆ పరిమితికి బయట, విడిగా ట్రస్టు భరించేలా పెట్టారు. మన కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో చేస్తారు. ఇక్కడ అడ్డమొచ్చేది వయసు. మాటలు నేర్చే తొలి రెండు మూడేళ్లు దాటేకొద్దీ, ఆపరేషన్ చేసినా మెదడు శబ్దాలను మాటలుగా పట్టుకోవడం కష్టమవుతుంది. పిలిస్తే తిరగని పిల్లను చూసి "వాళ్ల నాన్నకు కూడా ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని ఊరుకున్న ఇల్లు ఒకటి ఉంది మా దగ్గర. పిల్లాడు మూడేళ్లు దాటాక తెచ్చారు. కార్డులో పేరు లేదు. పేరు ఎక్కించడానికి ఆధార్ కావాలి. పిల్లాడి ఆధార్‌లో పుట్టిన తేదీ, బర్త్ సర్టిఫికెట్‌లో తేదీ వేరువేరు. దిద్దించి, దరఖాస్తు పెట్టి, కార్డు చేతికొచ్చేసరికి ఆ పిల్లాడు నాలుగు దాటాడు. తర్వాత ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాళ్లమ్మ వారం వారం స్పీచ్ థెరపీకి తిప్పుతోంది. "అమ్మీ" అంటాడు, "పానీ" అంటాడు. ఆ కాగితాల చుట్టూ పోయిన నెలల్లో ఎన్ని మాటలు నేర్చుకుని ఉండేవాడో అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే తొమ్మిదో నెల పడిన ప్రతి గర్భిణికీ ఈ సంగతులు చెప్తున్నాను. పెళ్లయిన ఏడే మీ పేరు పుట్టింటి కార్డులోంచి తీయించండి. పేట్లబుర్జు ఆసుపత్రిలో కానివ్వండి, ప్రైవేటులో కానివ్వండి, కాన్పయిన 21 రోజుల్లోపు జననం నమోదైతే రుసుము ఉండదు. నామకరణం కాలేదనో, అఖీఖా కాలేదనో ఆగొద్దు. బిడ్డకు పేరు పెట్టకపోయినా పుట్టుక నమోదవుతుంది. ఏడాదిలోపు వెళ్తే పేరు ఉచితంగా చేరుస్తారు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం దగ్గర్నుంచి అన్నిటికీ పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే రుజువు. దాని ఆధారంగా నీలం రంగు బాల ఆధార్ తీయించండి. దానికి వేలిముద్రలు అక్కర్లేదు. ఐదేళ్లు నిండగానే వేలిముద్రలు, కనుపాప ఇచ్చి ఉచితంగా మార్పించండి. పదిహేనేళ్లకు ఇంకోసారి. రెండింటిలో పేరు అక్షరం అక్షరం ఒకేలా ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. ఆ రెండూ పట్టుకుని మీ సేవలో కార్డులో సభ్యుల చేరికకు దరఖాస్తు పెట్టండి, రసీదు దాచుకోండి. అసలు కార్డే లేనివాళ్లు, పిల్లకు జబ్బు ముందే వచ్చిపడితే, ముఖ్యమంత్రి సహాయనిధికి ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టించవచ్చు. నిమ్స్ లాంటి చోట చికిత్సకు ముందే ఎల్‌వోసీ, అంటే ఖర్చు ప్రభుత్వం భరిస్తుందన్న హామీ పత్రం, తెచ్చుకునే వీలుంది. బీదర్, గుల్బర్గా, నాందేడ్ వైపు నుంచి వచ్చి ఇక్కడ బతుకుతున్నవాళ్లు సొంతూరి ఆయుష్మాన్ కార్డు తెచ్చుకోండి, అది రాష్ట్రం దాటినా చెల్లుతుంది.

ఇదంతా ఒక పచ్చి బాలింత చేత చేయించాల్సిన పనేనా? బిడ్డ పుట్టిన సంగతి ఆసుపత్రే జీహెచ్ఎంసీ కంప్యూటర్‌లో ఎక్కిస్తుంది. తల్లి కార్డు నంబరు కాన్పుకు చేరిన రోజే కేసు షీటులో రాసుకుంటారు. రేషన్ కార్డుల లెక్క పౌర సరఫరాల శాఖ దగ్గర, చికిత్సల లెక్క ఆరోగ్యశ్రీ ట్రస్టు దగ్గర ఉన్నాయి. అన్నీ ఒకే ప్రభుత్వానివి. కాన్పు ఆసుపత్రిలోనే ఒక కౌంటర్ పెట్టి, డిశ్చార్జి కాగితంతోపాటే బిడ్డను తల్లి కార్డులో చేర్చి పంపితే మేము చెప్పే ఈ చిట్టా అంతా అక్కర్లేదు. ఇదే విషయం తెలుగులోనూ ఉర్దూలోనూ అర్జీగా రాశాం. మా సెంటర్ తల్లులు సంతకాలు పెడుతున్నారు. వచ్చే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇస్తాం.